చిన్నదొర పక్కసీటు

ఫిబ్రవరి 27

తప్పు, మదియార్. కారుకు పైకప్పు వాన కోసం కాదు. పొద్దున టీ తాగుతూ నువ్వు ఆ మాట అన్నప్పుడు నా నోట్లో రొట్టె ఉంది, అందుకే ఊరుకున్నాను. రొట్టె లేకపోయినా నువ్వు వినే రకం కాదు కనుక ఇక్కడ రాసుకుంటున్నాను. పైకప్పంటే ఎడమ పక్కనూ కుడి పక్కనూ కలిపి పట్టి ఉంచే ఎముక. అట్టపెట్టెకు మూత ఉన్నంతసేపూ నాలుగు మూలలూ బిగిసి ఉంటాయి. ఆ మూత కోసేసి, ఒక మూల పట్టుకుని మెలితిప్పి చూడు. మూత మోసిన బరువు గాలిలో కలిసిపోదు. దాన్ని ఇంకెవరో మోయాలి. బతుకంతా పాలిటెక్నిక్‌లో పదార్థాల బలం పాఠం చెప్పినదాన్ని, చివరికి నా ఇంట్లోనే ఈ ముక్క చెప్పవలసి వచ్చింది.

కారు జర్మనీ నుంచి దిగిన పాతది. గుడ్డ కప్పు, వెనక్కి మడుచుకుంటుంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకమట. చవగ్గా వచ్చిందని వీడి సంబరం. ఎందుకు చవగ్గా వచ్చిందంటే, "అల్మాటీలో అందరికీ జీపులే కావాలి అపా, ఇదెవడికీ అక్కర్లేదు" అన్నాడు. అది నమ్మాను. ఊరంతా చెవుల దాకా టోపీ లాక్కుని తిరిగే చలిలో కప్పు తీసేసే కారు ఎవడు కొంటాడు?

నమ్మనిది పక్కసీటు సంగతి. జనవరిలో ఆ కారును ఉల్లిపాయ వలిచినట్టు వలిచారు. తివాచీ తీశారు, పాటల పెట్టె తీశారు, అదనపు చక్రం తీశారు, పక్కసీటు కూడా ఊడదీసి గ్యారేజీ గోడకు ఆనించారు. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని. సరే, అది లెక్కకు నిలిచే మాటే. ఇవాళ ఫోన్‌లో ఫొటో చూపించాడు. సీటు మళ్లీ లోపలుంది. పాతది కాదు, కొత్తది, పలచటిది, రెండు భుజాల మీదుగా వచ్చే బెల్టులతో.

"ఇదెవరికి?"

"ఎవరికీ కాదు అపా. రెండు పక్కలా బరువు సమానంగా ఉండాలని."

"సమానం కావాలంటే ఇసుక మూట పడెయ్యి."

"మూట జారుతుంది."

"మరి ఇసుక మూటకు తల ఆనించుకునే మెత్త ఎందుకురా?"

ఎడమ చెవి ఎర్రబడింది. వాడు అబద్ధం చెబితే ముందు ఆ చెవికే తెలుస్తుంది. ఆ సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పాలు మానకముందే నా ఒళ్లోకి వచ్చినవాడు. తొలి మనవడు తాత ఇంటి బిడ్డ, మా వాళ్ల ఇళ్లలో ఇది ఉన్నదే. ఇందులో వింతేమీ లేదు. వాణ్ణి కన్న నా కొడుకు కైరొల్లాను వాడు అన్న అంటాడు. కన్న కోడలు జిబెక్‌ను వదిన అంటాడు. అపా అనేది నన్ను ఒక్కదాన్నే. అమ్మనూ నేనే, నాయనమ్మనూ నేనే.

ఎవరో అమ్మాయి ఉంది. ఉంటే ఉండనీ. నా బాధల్లా ఆ బెల్టులు దేనికి బిగించారన్నదే.

ఫిబ్రవరి 28

ఏమీ జరగలేదు. మెత్త సంగతి మళ్లీ అడగలేదు. రెండుసార్లే అడిగాను.

మార్చి 4

గ్యారేజీకి వెళ్లాను. మా ఆయన పోయాక తాళంచెవి మదియార్‌కు ఇచ్చేశాను. ఇంకొకటి నా దగ్గర ఉందని వాడికి చెప్పవలసిన అవసరం రాలేదు.

పక్క గ్యారేజీ తుర్గన్‌ది. వెల్డింగు పని చేస్తాడు. ఒకప్పుడు నా విద్యార్థి, నా పరీక్ష తప్పాడు, మళ్లీ రాసి మళ్లీ తప్పాడు.

"బగిలా టీచర్! రండి రండి. కిందంతా నూనె, చూసుకుని నడవండి."

"నూనె చూడ్డానికి రాలేదు. నీ వెల్డింగు చూడ్డానికి వచ్చాను."

"అయ్యో, ఇంకా మార్కులు వేస్తూనే ఉన్నారా?"

"నువ్వు ఇంకా తప్పుతూనే ఉన్నావుగా."

మదియార్ కారు కింద నుంచి బయటికి వచ్చాడు, ముఖమంతా నల్లగా. నన్ను చూసి ముందు ఏం చేశాడంటే, పక్కసీటు మీద గుడ్డ కప్పాడు. చూశాను. చూడనట్టు ఉన్నాను.

జాకీతో ముందు కుడి మూల ఒక్కటే ఎత్తమన్నాను. ఎత్తారు. ఇప్పుడు తలుపు మూయమన్నాను. మూసుకోలేదు. అంచు తన్నుకుని నిలిచిపోయింది. మూల ఒకటి లేచేసరికి కారంతా మెలితిరిగింది, తలుపు పట్టే చోటు వంకరైంది. ఇద్దరూ నోరు తెరుచుకుని చూశారు.

"స్ప్రింగులు మార్చాను అపా, కొత్తవి, గట్టివి."

"స్ప్రింగు గట్టిదైతే ఆ దెబ్బ ఎక్కడికి పోతుంది? ఈ మెత్తటి ఒంట్లోకే. మలుపులో చక్రాలు ఒక మాట చెబుతాయి, ఒళ్లు ఇంకో మాట చెబుతుంది. ముందు అడుగున ఒక గుణకారపు గుర్తులా గొట్టాలు వేసి తలుపుల కింది రెండు గడపలనూ కట్టండి. సీట్ల వెనక అడ్డంగా ఇంకొకటి. తలుపు మూసుకునేదాకా ఇంజను జోలికి పోవద్దు."

"బరువు పెరుగుతుంది కదా!" అన్నాడు.

"ఆ సీటులో కూర్చునే ఇసుక మూటను కాస్త తక్కువ తినమను."

తుర్గన్ దగ్గుతూ బయటికి వెళ్లిపోయాడు. వాడికి తెలుసు.

వచ్చేముందు ఆ నాలుగు చక్రాల సంగతి వివరించాడు మదియార్. మామూలుగా ముందు చక్రాలే లాగుతాయట. అవి జారాక, జారాయన్న కబురు వెనక్కి వెళ్లాక, అప్పుడు వెనక చక్రాలు అందుకుంటాయట. కబురు పంపే డబ్బా మార్చాడు వీడు. ఇప్పుడు జారకముందే వెనక చక్రాలకు బలం వెళుతుంది. "అంతా అయిపోయాక చెబితే ఏం లాభం అపా, ముందే చెప్పాలి" అన్నాడు.

ఈ మాట నాతో అన్నాడు. గుడ్డ కప్పిన సీటు పక్కన నిలబడి.

మార్చి 8

ఆడవాళ్ల పండుగ. జిబెక్ తులిప్పులు తెచ్చింది, తన ఇద్దరు ఆడపిల్లలనూ తెచ్చింది. కైరొల్లా పడమటి చమురు బావుల దగ్గర వంతు పనిలో ఉన్నాడు. జిబెక్‌ది రోడ్ల శాఖలో కొలతల పని. వారమంతా మూడుకాళ్ల యంత్రం భుజాన వేసుకుని కొండదారుల మలుపులు కొలుస్తుంది, సెలవు రోజు మా ఇంటికి వచ్చి మారుమాట లేకుండా గిన్నెలు కడుగుతుంది. కోడలంటే ఇలా ఉండాలని పైకి అనను. అలవాటు చెడుతుంది.

ఆమె మర్యాద చూసి నేర్చుకోవాలి ఈ కాలం పిల్లలు. అత్తింటి మగవాళ్ల పేరు కోడలు పలకకూడదు. మామగారిదే కాదు, మరుదులది కూడా. తనే ఒక గౌరవం పేరు పెట్టుకోవాలి. మదియార్ నా కొడుకైన రోజునే ఆమెకు మరిది అయ్యాడు కదా, ఆ రోజే వాడికి చిన్నదొర అని పేరు పెట్టుకుంది. ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి నోరు జారలేదు. ఇవాళ కూడా, "చిన్నదొర టీ తాగుతాడేమో అడగండి అత్తయ్యా" అంది. వాడు ఎదురుగానే కూర్చుని ఉన్నాడు.

వంటింటి తలుపు దగ్గరగా వేసి అడిగాను.

"వాడి కారులో ఎవరో అమ్మాయి కూర్చుంటోంది. నీకేమైనా తెలుసా?"

చేతిలో గిన్నె జారి తొట్టిలో పడింది. పగల్లేదు.

"అమ్మాయా, అత్తయ్యా?"

"అబ్బాయి కోసం మెత్త కుట్టిస్తాడా ఎవడైనా? సబ్బు ఎక్కువ పోశావు, చూసుకో. గ్యారేజీ మీ ఇంటి దారిలోనే ఉంది. అప్పుడప్పుడు తొంగిచూడు. ఎవరొచ్చి పోతున్నారో కనిపెట్టు."

"నేనా?"

"నువ్వు కాక? నేను వెళితే ఆ తుర్గన్ సందు మొదట్లోనే కేక వేస్తాడు."

"కనిపెట్టుకునే ఉంటాను అత్తయ్యా" అంది, గిన్నెలోకి చూస్తూ.

ఈ ఇంట్లో నేను నమ్మేది జిబెక్‌ను ఒక్కదాన్నే.

మార్చి 15

వాడి కోటు దులుపుతుంటే జేబులోంచి కాగితం పొట్లం పడింది. లోపల జెంత్ ముక్క, సగం కొరికినది. వేయించిన వరిగపిండి, వెన్న, చక్కెర, అంతా బాగానే ఉంది, మధ్యలో ఎండుద్రాక్ష! మా చుట్టాల్లో జెంత్‌లో ఎండుద్రాక్ష వేసే ఇల్లు ఒక్కటి లేదు. దక్షిణం వాళ్లు వేస్తారు. జిబెక్ కూడా ఆ వైపుదే కానీ, కాపురానికి వచ్చిన కొత్తలోనే చెప్పాను, ఈ ఇంట్లో మిఠాయి మిఠాయిలా ఉంటుంది, పళ్లబుట్టలా ఉండదని. ఆ తర్వాత వేయలేదు.

కాబట్టి ఎవరో దక్షిణం పిల్ల. వంట చేసి పెట్టే దాకా వచ్చింది.

మిగతా సగం నేనే తిన్నాను. బాగాలేదు. ఏమేం వేసిందో తెలియాలి కదా, అందుకని మొత్తం తిన్నాను.

మార్చి 22

నౌరుజ్, కొత్త ఏడాది పండుగ. కోజె జావ కాచాను, ఏడు దినుసులూ పడ్డాయి, జిబెక్ వడ్డించింది. అందరూ తింటుంటే మదియార్ ఉన్నట్టుండి అడిగాడు.

"అపా, కారు మలుపులు తిరుగుతుంటే లోపల కూర్చుని చదివితే కడుపులో తిప్పకుండా ఏం చెయ్యాలి?"

"నీకు తిప్పుతోందా?"

"నాక్కాదు. ఒకరికి."

"ఆ ఒకరిని అల్లం నమలమను. కారులో చదువుకోవడమేమిటి, పరీక్షలా?"

వాడు నవ్వాడు. జిబెక్ అల్లం ఎక్కడుందని అడిగింది. కోజెలోకి కాబోలు. అందులో అల్లం ఎవరు వేస్తారు? ఈమెకూ మతి తప్పుతోంది.

గిన్నెలు కడిగేటప్పుడు అడిగాను, ఎవరైనా కనబడ్డారా అని.

"బయటివాళ్లెవరూ రావడం లేదు అత్తయ్యా."

"సరిగ్గా చూశావా?"

"రోజూ చూస్తున్నాను."

ఆమె మోచేయి నల్లగా కమిలి ఉంది. పనిలో ఇనుప గొట్టం తగిలిందట. రోడ్లు కొలిచేవాళ్లకు గొట్టాలెక్కడివో అడగాలనుకున్నాను, ఇంతలో పిల్లలు గొడవపెట్టారు.

ఏప్రిల్ 2

మళ్లీ జాకీ పరీక్ష. అడుగున గొట్టాలు వేశారు, సీట్ల వెనక వంపు గొట్టం నిలబెట్టారు. తలుపు మూసుకుంటుంది, కానీ భుజంతో నెట్టాలి. గడప దగ్గర తుర్గన్ అతుకు సగమే పట్టింది. విప్పి మళ్లీ వేయమన్నాను. ఏడుపుముఖం పెట్టాడు.

కొత్త బ్రేకులు వచ్చాయి. ఇంజనులోకి గాలి తోసే చక్రం కూడా పెద్దది పెట్టారు. ఆ గాలిని చల్లబరిచే జల్లెడ ముందు బంపరు వెనక నుంచి దంతాలు బయటపెట్టినట్టు కనిపిస్తోంది. ఊళ్లో పాలు తేవడానికి ఇంత బ్రేకులు దేనికి? ఎక్కడికో వెళుతున్నాడు. ఎవరితోనో వెళుతున్నాడు.

నాకు అనుమానమేమీ లేదు. అతుకుల గురించే నా బెంగ.

ఏప్రిల్ 9

ఇవాళ చెప్పకుండా వెళ్లాను. తుర్గన్ లేడు. మా గ్యారేజీ ఇనుప తలుపు లోపల్నుంచి గడియ వేసి ఉంది. చెయ్యి ఎత్తాను కొడదామని.

లోపల ఆడగొంతు. ఏదో చదువుతున్నట్టు, ఒకే ఊపున. "ఎడమ, మెల్లగా, ముడుచుకుంటుంది. కుడి, పొడుగ్గా, లోపలి అంచున రాయి, మలుపు కోయకు. వంతెన. ఎడమ..." కాసేపు ఆగి, "మదియార్, వింటున్నావా? మదియార్. ఇక్కడ తొందరపడకు, మదియార్."

ఎత్తిన చెయ్యి అలాగే ఉంది.

పేరు నేనూ పిలుస్తాను. రోజుకు ఎన్నిసార్లో. తినమని, లేవమని, తలుపు వేయమని. అలా పిలవను. ఆ గొంతు ఆ పేరును నోట్లో కాసేపు ఉంచుకుని, ఇష్టం లేకుండా వదిలినట్టు వదిలింది. వాడు ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. ఆమె మళ్లీ పిలిచింది, పని ఏమీ లేకుండానే. "మదియార్."

తలుపు కొట్టకుండా వచ్చేశాను.

ఒక్కటి మాత్రం తేలింది. మా ఇంటి మనిషి కాదు. మా ఇంట్లో ఆడవాళ్లలో వాడి పేరు పెట్టి పిలిచేది నేనూ, ఆ ఇద్దరు చిన్నపిల్లలూ. ఎవరో బయటిదే. చిన్నపిల్ల గొంతు కూడా కాదు. నలభై దాటిన గొంతు. నా బిడ్డకు నలభై దాటిన ఆడది!

ఎక్కడో విన్న గొంతులా ఉంది. టీవీలో అయి ఉంటుంది.

ఏప్రిల్ 10

బాగా నిద్రపట్టింది. మూడు గదులూ తుడిచాను. కిటికీలు తుడిచాను. గిన్నెలన్నీ దించి మళ్లీ కడిగాను.

ఏప్రిల్ 17

తుర్గన్‌ను నిలదీశాను. వెల్డింగు కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి, చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు, వెనకటికి పరీక్ష హాల్లో నిలబడ్డట్టే.

"కొండదారి పోటీ టీచర్. నెలాఖరు ఆదివారం. ఒక్కో కారే పైకి వెళ్లాలి. నడిపేవాడి పక్కన దారి చదివి చెప్పే మనిషి ఉండాలి. అదే ఆ సీటు."

"ఎవరా మనిషి?"

"టీచర్, కావాలంటే నా పరీక్ష మళ్లీ పెట్టండి. ఇది మాత్రం అడక్కండి."

అలాతావ్ కొండదారులు నాకు తెలియనివా? ఒక పక్క రాయి, ఒక పక్క ఏమీ ఉండదు. ఏప్రిల్‌లో నీడపట్టున మంచు ఇంకా గట్టిగానే ఉంటుంది. పైగా కప్పు లేని కారు. తలకిందులైతే రెండు తలలకూ ఆసరా తుర్గన్ అతికిన ఆ ఒక్క గొట్టం.

రాత్రి భోజనాల దగ్గర తేల్చేశాను.

"నా దీవెన లేకుండా ఎప్పుడైనా ఊరు దాటావా?"

"లేదు అపా."

"ఈసారి అడగకు, ఇవ్వను. ముందు ఆ సీటులో ఎవరో చెప్పు."

"చెప్పొద్దన్నారు అపా."

"ఎవరన్నారు? నీ మీద నాకంటే ఎక్కువ అధికారం ఎవరికుంది?"

వాడు నా వైపు చూశాడు. కోపం కాదు. చిన్నప్పుడు నేను బల్లమీద లెక్క తప్పు వేస్తే, నన్ను నొప్పించకుండా ఎలా చెప్పాలా అని చూసేవాడు. అలా చూశాడు. తర్వాత లేచి తన పళ్లెం తనే కడుక్కున్నాడు.

చేతులు చాచి దీవెన అడగకుండా వాడు వెళ్లడు. నాకు తెలుసు. ఇరవై నాలుగేళ్లు పెంచాను.

ఏప్రిల్ 25

ఫోన్ కట్టేసి సొరుగులో పెట్టాను. అడగాలనుకున్నవాడు ఎదురుగా వచ్చి అడగాలి.

ఏప్రిల్ 26

పొద్దున గుమ్మంలో కూర్చుని చాలాసేపు బూట్లు కట్టుకున్నాడు. ఆ బూట్లకు తాళ్లు లేవు. నేను వంటింట్లోంచి రాలేదు. తలుపు చప్పుడైంది. వెళ్లాడు.

వెళ్లాడు.

టీ కాచాను, తాగలేదు. బాల్కనీలోకి వెళ్లాను, వచ్చాను. చాలాసేపటికి తలుపు దబదబా బాదారు. తుర్గన్.

"ఫోన్ ఎందుకు కట్టేశారు టీచర్? పదండి, వ్యాను కిందుంది."

"నేను రాను."

"అక్కడ కారు కదలడం లేదు. పక్కసీటు వాళ్లు ఎక్కనని కూర్చున్నారు. పెద్దావిడ వచ్చి దీవిస్తేనే ఎక్కుతారట. వాళ్ల వంతు వెనక్కి జరిపించుకుని మీ కోసం చూస్తున్నారు."

దీవెన కోసం పట్టుబట్టే మనిషంటే మర్యాద తెలిసినదే. మర్యాద తెలిసినవాళ్లు దొంగచాటుగా ఎందుకు తిరుగుతారు? నా అనుమానం ఇంకా పెరిగింది.

"రాను, తుర్గన్."

"పోనీ, నా అతుకులకు మార్కులైనా వెయ్యరా?"

"ఉండు, కోటు తెచ్చుకోనీ."

కొండ కింద గాలి బాగా వీస్తోంది. వాలు మీద అడవి ఆప్రికాట్ పూత. కార్లు ఒక్కొక్కటే పైకి వెళుతున్నాయి, ప్రతిదానికీ జనం అరుస్తున్నారు. మా కారు పక్కగా, బురదలో, కప్పు మడిచి నిలబడి ఉంది. మదియార్ బానెట్ మీద రెండు చేతులూ ఆనించి తల వంచుకుని ఉన్నాడు. ఇంకో మనిషి అటు తిరిగి నిలబడి ఉంది. పొట్టిది. తల మీద శిరస్త్రాణం. దగ్గరికి వెళ్లేసరికి అల్లం వాసన వచ్చింది.

"ఇటు తిరగమ్మా. నీ ముఖం చూద్దామనే ఇంత దూరం వచ్చాను."

తిరిగింది. శిరస్త్రాణం తీసింది. జుట్టంతా నుదుటికి అతుక్కుపోయి ఉంది.

జిబెక్.

ముందు నోటికొచ్చింది ఇదీ. "నిన్ను కనిపెట్టమన్నాను కదా!"

"కనిపెట్టుకునే ఉన్నాను అత్తయ్యా. రోజూ."

"ఎవరూ రావడం లేదన్నావు."

"బయటివాళ్లెవరూ రావడం లేదన్నాను."

మదియార్ మధ్యలోకి వచ్చాడు. "తప్పు నాది అపా. ఈ దారి కొలిచింది వదినే. ఏ మలుపు ఎంత ముడుచుకుంటుందో, ఏ రాయి ఎక్కడుందో ఆమెకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? నేనే వెళ్లి అడిగాను. ముందు మూడుసార్లు కాదంది."

"నాలుగోసారి ఎందుకు ఒప్పుకున్నావు?" జిబెక్‌ను అడిగాను.

ఆమె కిందికి చూసింది. "అంతకుముందు ఎప్పుడూ ఏమీ అడగలేదు అత్తయ్యా, నన్ను."

తుర్గన్ వ్యాను టైర్లు చూడ్డానికి వెళ్లిపోయాడు.

"జాకీ తీయి" అన్నాను మదియార్‌తో.

"ఇప్పుడా? మా వంతు దగ్గరపడింది అపా!"

"తీయమన్నాను."

కుడి మూల ఎత్తాడు. తలుపు నేనే మూశాను. భుజంతో నెట్టలేదు, రెండు వేళ్లతో తోశాను. టక్ మని పడింది. గడప అతుకు వేలితో తడిమి చూశాను. బాగుంది. తుర్గన్‌తో చెప్పను. పక్కసీటు బెల్టులు పట్టి లాగి చూశాను, వెనక గొట్టానికే బిగించి ఉన్నాయి. ఇంక చూడ్డానికి ఏమీ మిగల్లేదు.

"మలుపులో వీణ్ణి ఏమని పిలుస్తావు?" అడిగాను.

ఆమె శిరస్త్రాణం పట్టీ సర్దుకుంది.

"చిన్నదొరా అనే లోపల మలుపు దాటిపోతుంది అపా" అన్నాడు వాడు, మెల్లగా.

"నేను అడిగింది నిన్ను కాదు. జిబెక్, ఇంజను చప్పుడు పెద్దది. గొట్టాలు వేశాక ఇంకా మోగుతుంది. మర్యాదలకు అందులో చోటు లేదు. ఏమని పిలుస్తావో నా ఎదుట పిలు. వినిపిస్తుందో లేదో చూస్తాను."

ఆమె పెదవులు కదిలాయి. ఏమీ రాలేదు. గ్యారేజీ తలుపు అవతల అంత బాగా వచ్చింది, నా ముందు రావడం లేదు. జనంలో ఎవరో తొందరపెడుతున్నారు.

"వినబడలేదు" అన్నాను.

"మదియార్" అంది.

"ఊఁ. కొండ మీద గాలి ఎక్కువ. ఇంకా గట్టిగా."

"మదియార్!"

వాడు తల తిప్పి ఆమెను చూశాడు. పేరు వినగానే తల తిప్పడం వాడికి అలవాటే, నేను పిలిచినా తిప్పుతాడు.

ఇద్దరూ నా ముందు అరచేతులు చాచారు. దీవెన నాకు కంఠస్థమే, కైరొల్లా సైన్యంలోకి వెళ్లినప్పుడు చెప్పినదే. దారి తెల్లనిది కావాలని, గుర్రం కాలు తడబడకూడదని, వెళ్లిన గుమ్మానికే తిరిగి రావాలని. చివర్లో మా అబ్బాయీ మా కోడలూ అనాలి. తల్లీకొడుకులిద్దరూ అని వచ్చింది. దీవెనలో మాటలు మనం వెతుక్కోం. గాలికి ఎవరికీ సరిగ్గా వినిపించి ఉండదు.

ఆమీన్ అని ముఖాలు తుడుచుకున్నారు. జిబెక్ చేతులు ముఖం మీదినుంచి దిగడానికి చాలాసేపు పట్టింది.

వెళ్లారు. చప్పుడు ఒక మలుపు దగ్గర మునిగేది, ఇంకో మలుపు దగ్గర తేలేది. ఒకచోట మునిగి తేలలేదు. నేను తుర్గన్ చెయ్యి పట్టుకున్నాను, పట్టుకున్నానని వాడే తర్వాత చెప్పాడు. అప్పుడు చాలా పైన, పూల వెనక, మళ్లీ వినిపించింది.

నాలుగో స్థానం. మొదటి ముగ్గురూ ఎవరో తుర్గన్ చెప్పాడు, మరిచిపోయాను. కారు కిందికి రాగానే జిబెక్ దిగి, క్షమించండి అత్తయ్యా అని, రాయి చాటుకు వెళ్లి మర్యాదగా వాంతి చేసుకుంది. అల్లం పనిచేయలేదు. తిరిగి వచ్చాక తెలిసింది, ఆ కొత్త సీటు మరీ పల్లంగా ఉందట, ఈమె పొట్టి, ముందు అద్దంలోంచి ఆకాశం తప్ప ఏమీ కనబడలేదట.

"మరి మలుపులన్నీ ఎలా చెప్పావు?"

"నడుముకు తెలుస్తుంది అత్తయ్యా. ఆ దారి నడిచి కొలిచాను కదా."

ఇంటికి బయల్దేరేటప్పుడు, "చిన్నదొర ఏమీ తినలేదు, వ్యానులో ఏమైనా ఉందా అత్తయ్యా" అంది.

"ఏం, పేరు అప్పుడే మరిచిపోయావా?" అన్నాను.

ఏప్రిల్ 27

మదియార్, నువ్వు ఇంకా నిద్రపోతున్నావు. లేచాక నీతో చెప్పేది ఇంత మాత్రమే, మిగతాదంతా ఈ పేజీల్లోనే ఉంటుంది.

పని అయ్యాక పెద్ద బజారుకు వెళ్లు. ఉన్ని బట్టల వరసలో చివరి కొట్టు, ముసలావిడ ఉంటుంది. ఒత్తిన ఉన్ని ముక్క అడుగు. రెండు వేళ్ల మందం, బూడిదరంగు. తెల్లది ఇస్తే తీసుకోకు, గ్యారేజీలో రెండు రోజులకే నల్లబడుతుంది. సీటు కొలత ముందే తీసుకుని వెళ్లు, చేత్తో ఇంతా అని చూపించకు. బొటనవేలితో నొక్కి చూడు, వెంటనే పైకి లేస్తేనే తీసుకో. మెత్తగా కూరుకుపోయేదైతే ఆమె మళ్లీ ఆకాశమే చూస్తుంది. ఎవరికోసమని అడిగితే ఇసుక మూట కోసమని చెప్పు.

వచ్చే దారిలో వరిగపిండి తీసుకురా. ఎండుద్రాక్ష కూడా. నల్లవి, గింజ లేనివి. ఆదివారం జిబెక్ జెంత్ చేస్తుంది, మన వంటింట్లో.